టవర్ మీది ఎర్రదీపానికి ఏ ఫ్లాషర్ మంచిది: మోటారుదా, ట్రయాక్‌దా?

కావలి_వైర్‌మ్యాన్ | శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఒక ప్రైవేటు సంస్థకు పాత రేడియో టవర్ ఉంది. ఎత్తు 60 మీటర్లు. దాని కరెంటు పనులు నాలుగేళ్లుగా నేనే చూస్తున్నాను. కొనమీద విమానాలకు హెచ్చరికగా పెద్ద ఎర్రగాజు ఏవియేషన్ లైటు, అందులో 500 వాట్ల బల్బులు రెండు. సగం ఎత్తులో చిన్న ఎర్రదీపాలు రెండు, అవి రాత్రంతా ఆరకుండా వెలుగుతాయి. పైది మాత్రం నిమిషానికి 30 సార్లు వెలిగి ఆరాలి.

ఆ పని చేసేది కింద షెడ్డులో ఉన్న మోటారు ఫ్లాషర్. చిన్న సింక్రనస్ మోటారు, గేర్లు, చివర ఒక కామ్, అంటే గుండ్రంగా లేని చక్రం. కామ్ తిరిగినప్పుడల్లా పాదరసం ఉన్న రెండు గాజు గొట్టాలు పక్కకు వాలతాయి. పాదరసం జారి లోపలి తీగలు రెంటినీ కలుపుతుంది, దీపం వెలుగుతుంది. గొట్టాలు వెనక్కి వాలగానే ఆరుతుంది. నేను పుట్టకముందు బిగించిన సామాను అది.

డిసెంబరు చివర్లో మోటారు ఆగిపోయింది. గొట్టాలు ఆరిపోయే వైపు ఉన్నప్పుడు ఆగింది. మూడు రాత్రులు పైదీపం లేదు. వాచ్‌మన్ గమనించలేదు, నాకు తెలియలేదు. వేటకు వెళ్లి వచ్చిన మా బావమరిది చెబితే తెలిసింది. పగలు పరుగెత్తుకెళ్లి స్విచ్ వేస్తే శుభ్రంగా తిరిగింది! రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున మళ్లీ ఆగింది.

ఇక పాతదైపోయిందనుకుని, బజారులో 555 టైమరు చిప్, ఒక రిలే (కరెంటుతో కదిలే స్విచ్చు) పెట్టి బోర్డు చేయించి బిగించాను. పదకొండు రాత్రులు పనిచేసింది. పన్నెండో రాత్రి రిలే కాంటాక్టులు అతుక్కుపోయి దీపం ఆరకుండా నిలబడింది. ఆ మూడు చీకటి రాత్రులు గుర్తొస్తే ఇప్పటికీ నిద్రపట్టడం లేదు.

మోటారుదే బాగుచేయించనా? కదిలే భాగాలు లేకుండా ట్రయాక్ అనే సెమీకండక్టర్ స్విచ్చుతో నడిచే సాలిడ్‌స్టేట్ ఫ్లాషర్ కొననా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ముత్తుకూరు_మెయింటెనెన్స్ | శుక్రవారం, రాత్రి 9:48

అన్నా, రెండూ వద్దు. ఎల్‌ఈడీ ఏవియేషన్ లైటు పెట్టించు. ఫ్లాషరు దాని డ్రైవర్‌లోనే ఉంటుంది, బల్బులు మార్చే పని ఉండదు. మా దగ్గర ఎత్తయిన కట్టడాలన్నిటికీ ఇప్పుడు అవే.

కావలి_వైర్‌మ్యాన్ | శుక్రవారం, రాత్రి 9:55

సంస్థవాళ్లను అడిగాను తమ్ముడూ. వచ్చే ఏప్రిల్ తర్వాత చూద్దాం అన్నారు. అప్పటిదాకా ఈ బల్బులతోనే నెట్టుకురావాలి.

పవర్‌ల్యాబ్_ఒంగోలు | శుక్రవారం, రాత్రి 10:30

మీ రిలే ఎందుకు పోయిందో ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

నిమిషానికి 30 సార్లు, గంటకు 1,800. పన్నెండు గంటల రాత్రికి 21,600. ఏడాదికి 78 లక్షలు దాటుతుంది. బోర్డుల మీద వాడే మామూలు చిన్న రిలేకు పూర్తి లోడు మీద తయారీదారు ఇచ్చే ఆయుష్షు సుమారు లక్ష సార్లు. మీ దీపం దాన్ని నాలుగున్నర రాత్రుల్లో తినేస్తుంది. పదకొండు రాత్రులు నిలిచిందంటే రెండు లక్షలకు పైనే కొట్టింది. పాపం, దాని శక్తికి మించే పనిచేసింది. లోడు లేకుండా ఊరికే టక్‌టక్ లాడించినా మంచి రిలేకు కోటి సార్లు ఆయుష్షు అంటారు, అంటే ఏడాదీ మూడు నెలలు.

ఇక లోడు సంగతి. 500 వాట్ల బల్బు వేడెక్కాక దాని రెసిస్టెన్స్ 106 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పద్నాలుగో వంతు, ఏడు ఎనిమిది ఓములు. 230 వోల్టుల సరఫరాలో అల కొన 325 వోల్టుల దగ్గర ఉంటుంది. సరిగ్గా ఆ క్షణాన కాంటాక్టు కలిస్తే ఒక్కో బల్బూ 40 ఆంపియర్ల పైన లాగుతుంది. మామూలుగా వెలిగేటప్పుడు రెండూ కలిసి లాగేది నాలుగున్నర లోపే. ఒక సెకను ఆరినంత మాత్రాన ఫిలమెంటు పూర్తిగా చల్లారదు కాబట్టి ప్రతిసారీ అంత రాదు, కానీ కాంటాక్టును కరిగించడానికి సరిపోయేంత వస్తుంది.

పాదరసం గొట్టం ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో ఇప్పుడు అర్థమవుతుంది. ద్రవానికి గుంటలు పడవు, అతుక్కోదు. విడిపోయేటప్పుడు నిప్పురవ్వ వచ్చినా పై పొర కదిలి మళ్లీ కొత్తదవుతుంది. గాజులో మూసి ఉంటుంది కాబట్టి ఉప్పుగాలి తగలదు. మీ సముద్రపు ఒడ్డున అది చిన్న విషయం కాదు.

నెల్లూరు_హామ్ | శుక్రవారం, రాత్రి 11:05

మేడమ్ చెప్పినదానికి రేడియో వైపు నుంచి ఒక మాట. టవర్ మీద ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే సాలిడ్‌స్టేట్ ఫ్లాషర్‌కు ఒక జబ్బు పట్టుకుంటుంది. మాకు వీహెచ్‌ఎఫ్ యాంటెనా ఉన్న మాస్టు మీద ట్రయాక్ ఫ్లాషర్ పెట్టాం. మైకు నొక్కి మాట్లాడుతున్నంతసేపూ దీపం ఆరేది కాదు, వదలగానే మళ్లీ మిణుకుమనేది. రేడియో తరంగం లైటు కేబుల్ పట్టుకుని దిగి ట్రయాక్‌ను ఆన్ చేసే కాలు, అంటే గేటును, తట్టి లేపుతోంది. ఫెరైట్ అనే అయస్కాంత పదార్థపు రింగులో కేబుల్‌ను ఆరు చుట్లు చుట్టి, గేటు దగ్గర చిన్న డిస్క్ కెపాసిటర్ పెడితే తగ్గింది.

మోటారు ఫ్లాషర్‌కు ఆ బాధ లేదు. కానీ దానికి వేరే దోషం ఉంది. కాంటాక్టు విడిపోయే ప్రతిసారీ దగ్గర్లోని మీడియం వేవ్ రేడియోలో టక్‌మంటుంది. రాత్రంతా రెండు సెకన్లకో టక్కు. బలహీనమైన స్టేషన్ వినాలని కూర్చున్నవాడికి నరకమే. జీరో క్రాసింగ్‌లో వేసే ట్రయాక్ నిశ్శబ్దంగా ఉంటుంది.

పొదిలి_డిప్లొమా | శనివారం, ఉదయం 6:40

సార్, జీరో క్రాసింగ్ అంటే ఏమిటి? మాకు పుస్తకంలో ఒక్క లైనే ఉంది.

నెల్లూరు_హామ్ | శనివారం, ఉదయం 7:15

మన కరెంటు సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది కదా తమ్ముడూ. ఆ ఊపులో వోల్టేజి సెకనుకు 100 సార్లు సున్నా గుండా దాటుతుంది. ఎంఓసీ 3041, 3063 లాంటి ఆప్టోకప్లర్లు (కాంతి ద్వారా సిగ్నల్ దాటించే చిప్పులు) మనం ఆన్ చెయ్యమన్నా వెంటనే చెయ్యవు, ఆ సున్నా వచ్చేదాకా ఆగి అప్పుడు ట్రయాక్‌ను వేస్తాయి. బల్బుకు వోల్టేజి మెల్లగా సున్నా నుంచి పైకెక్కుతూ అందుతుంది, కొనకు చేరేసరికి ఫిలమెంటు కాస్త వేడెక్కి ఉంటుంది. మొదటి దెబ్బ తగ్గుతుంది. ఎంఓసీ 3021 అలా ఆగదు, చెప్పిన క్షణమే వేస్తుంది. 230 వోల్టులకు 3063 వాడు, అది 600 వోల్టులు తట్టుకుంటుంది.

పాతరేడియో_ఒంగోలు | శనివారం, ఉదయం 8:50

నేను మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది, జీరో క్రాసింగ్ అన్నిటికీ మందు కాదు. మీడియం వేవ్‌లో టవర్ మీద యాంటెనా ఉండదు, టవరే యాంటెనా. మొత్తం ఉక్కు కట్టడం పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది. దానిమీద దీపానికి కరెంటు ఎలా పంపాలి? తీగ నేరుగా కడితే మా పవరంతా ఆ తీగ గుండా భూమిలోకి పోతుంది. అందుకని ఆస్టిన్ ట్రాన్స్‌ఫార్మర్ అని వాడేవారు. గొలుసులో పక్కపక్క లంకెల్లాగా రెండు పెద్ద రింగులు, ఒకదానిలోంచి ఒకటి దూరి ఉంటాయి, మధ్యలో గాలి తప్ప ఏమీ తగలదు. 50 సైకిళ్ల కరెంటు అయస్కాంతంగా దాటుతుంది, రేడియో దాటదు. ఆర్థర్ ఆస్టిన్ అనే అమెరికా ఇంజినీరు పేరు అది. మొదటిసారి చూసినవాళ్లు ఆ రింగుల దగ్గర కాసేపు నిలబడిపోయేవారు, నేనూ నిలబడ్డాను.

ఇలాంటి చోట ఫ్లాషరు కింద ఉంటే అది ఆన్ చేసేది బల్బును కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ను. ట్రాన్స్‌ఫార్మర్‌ను వోల్టేజి సున్నా దగ్గర ఆన్ చేయడం అన్నిటికన్నా చెడ్డది. కోర్‌లో అయస్కాంతం మామూలు కన్నా దాదాపు రెట్టింపుకు ఎక్కి, కోర్ నిండిపోయి, కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దానికి అల కొన దగ్గర ఆన్ చేయడమే మేలు. బల్బుకు మంచిదే ట్రాన్స్‌ఫార్మర్‌కు చెడు. ఈ సంగతి తెలియక జీరో క్రాసింగ్ ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్‌స్టేట్ రిలే) పెట్టి, మాటిమాటికీ ఫ్యూజులు పోతున్నాయని తల పట్టుకున్నవాళ్లను చూశాను. కావలి అబ్బాయీ, నీ టవర్ భూమికి ఎర్త్ చేసినదే అయితే నీకీ బాధ లేదు.

రెండోది, నీ మోటారు సంగతి. పగలు తిరిగి, తెల్లవారుజామున ఆగుతోందన్నావు. అదీ ధనుర్మాసంలో. కాయిల్ పోతే పగలూ తిరగదు. గేరు పళ్లు విరిగితే పగలూ తిరగదు. చలికి మాత్రమే ఆగే మోటారు ఏమిటి? దానికి నూనె ఎవరు వేశారు, ఏం నూనె వేశారు? కనుక్కో.

కావలి_వైర్‌మ్యాన్ | శనివారం, ఉదయం 11:30

పెద్దాయనా, మీకు దండం పెట్టాలి. ఇప్పుడే వాచ్‌మన్‌ను అడిగాను. దసరాకి ఆయుధపూజ రోజు మిషన్లన్నీ తుడిచి, మోటారు కీచుమంటోందని కొబ్బరినూనె పోశాడంట. మంచి మనసుతోనే చేశాడు, ఏమీ అనలేదు.

పాతరేడియో_ఒంగోలు | శనివారం, ఉదయం 11:52

అదే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన కోస్తాలో పుష్యమాసం తెల్లవారుజామున అంతకన్నా కిందికే పోతుంది. సీసాలో గడ్డకట్టినట్టే బేరింగులోనూ గడ్డకట్టింది. ఆ మోటారు బలం ఎంత, బొటనవేలితో ఆపితే ఆగిపోతుంది. ఎండెక్కాక నూనె కరిగితే మళ్లీ తిరుగుతుంది, నువ్వు వెళ్లి చూసేసరికి ఏ దోషమూ కనపడదు.

మెయిన్ స్విచ్ తీసేసి, గాజు గొట్టాలు విప్పి పక్కన మెత్తటి గుడ్డలో పెట్టి, గేర్లు, బేరింగులు కిరసనాయిలుతో కడుగు. బాగా ఆరాక మిషన్ ఆయిల్ రెండే రెండు చుక్కలు. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది. నీ మోటారు చావలేదు.

నిర్వాహకుడు | శనివారం, మధ్యాహ్నం 12:20

గొట్టాలు విప్పేటప్పుడు జాగ్రత్త. పగిలితే పాదరసాన్ని చీపురుతో ఊడ్చవద్దు, చిన్న చిన్న బొట్లయి నేలంతా పరుచుకుంటుంది. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, అట్టముక్కతో ఒకచోటికి చేర్చి మూత గట్టి సీసాలో పెట్టండి. పగుళ్లలో మిగిలినదాని మీద గంధకం పొడి చల్లుతారు. ఒట్టి చేత్తో తాకవద్దు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసం స్విచ్చులను 2020తో ఆపమంది, మన దేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. కాబట్టి ఆ గొట్టాలు పోతే అలాంటివే కొత్తవి దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. వాటిని చెత్తలో మాత్రం వేయకండి.

నిబంధన గురించి కూడా. మనం పాటించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మిణుకుమనే ఎర్రదీపం నిమిషానికి 20 నుంచి 60 సార్లు వెలగాలి, కాంతి 2,000 క్యాండెలాలు ఉండాలి. 45 మీటర్లు దాటిన టవర్‌కు ఆ స్థాయి దీపం కావాలి, మధ్యలో ఆరని చిన్న దీపాలు కూడా. కావలి అన్నగారి టవర్‌లో ఆ అమరిక సరిగ్గానే ఉంది. పైదీపం పోయినప్పుడు వెంటనే విమానయాన అధికారులకు తెలియజేయాలి. అమెరికాలో అయితే అరగంటలో బాగుకాని పైదీపం గురించి వెంటనే చెప్పి తీరాలని నిబంధన. మూడు రాత్రులు అనేది చాలా ఎక్కువ. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసరంగా విమానాలు దిగేందుకు వేసిన రన్‌వే దగ్గర 2022 డిసెంబరులో వైమానిక దళం ట్రయల్ రన్ చేసింది. మన ఆకాశంలో కిందుగా ఎగిరే విమానాలు ఉంటాయని మరవద్దు.

టవరెక్కే_తమ్ముడు | శనివారం, సాయంత్రం 6:10

నా గోడు కూడా వినండి. మీరంతా కింద షెడ్డులో ఉన్నదాని గురించి మాట్లాడుతున్నారు. పైన బల్బు పోతే బెల్టు కట్టుకుని ఎక్కేది మేము. ఒక టవర్ మీద మూడు నెలలకో బల్బు పోతోంది. సముద్రం గాలికి గాజు మూత బోల్టులు తుప్పు పట్టి, పైన నిలబడి ఒక్కో బోల్టు ఊడదీయడానికి అరగంట. ఫ్లాషరు వల్లే బల్బులు త్వరగా పోతున్నాయా? అలా అయితే ఏది తక్కువ చంపుతుందో అదే పెట్టించండి సార్.

పవర్‌ల్యాబ్_ఒంగోలు | శనివారం, రాత్రి 8:05

తమ్ముడూ, నువ్వు అడిగిందే అసలు ప్రశ్న. మిణుకు వల్ల ఫిలమెంటుకు కొంత దెబ్బ ఉంటుంది, జీరో క్రాసింగ్ ఆ దెబ్బను తగ్గిస్తుంది. ఆరిన సమయంలో కూడా ఒక రెసిస్టర్ గుండా కొద్దిగా కరెంటు పంపి, కాంతి కనపడనంత మేరకు ఫిలమెంటును వెచ్చగా ఉంచే పద్ధతి కూడా ఉంది.

కానీ మూడు నెలలకో బల్బు అంటే నాకు అనుమానం వోల్టేజి మీద. ఫిలమెంటు బల్బు ఆయుష్షు వోల్టేజికి చాలా లోకువ. 5 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. 230 చోట 250 వస్తే ఆయుష్షు మూడో వంతుకు పడిపోతుంది. ఊళ్లలో అర్ధరాత్రి లోడు తగ్గాక లైన్ వోల్టేజి పెరుగుతుంది, దీపం వెలిగేది సరిగ్గా ఆ గంటల్లోనే. మీటరు పగలు పెడితే తెలియదు. రాత్రి ఒంటిగంటకు కొలవండి.

కావలి_వైర్‌మ్యాన్ | ఆదివారం, ఉదయం 7:00

రాత్రి ఒంటిగంటకు షెడ్డులోనే ఉన్నాను మేడమ్. 252 వోల్టులు. ఇన్నాళ్లూ బల్బు కంపెనీని తిట్టుకున్నాను.

పవర్‌ల్యాబ్_ఒంగోలు | ఆదివారం, ఉదయం 7:40

అయితే వోల్టేజిని మెట్లుగా మార్చుకునే ట్యాపింగులున్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 225 దాకా తగ్గించండి. మరీ తగ్గించకండి, 5 శాతం వోల్టేజి తగ్గితే కాంతి 16 శాతం పడిపోతుంది, దీపం ఉన్నదే కనపడటానికి. పెద్దాయన చెప్పింది గుర్తుపెట్టుకోండి: ఫ్లాషరు ట్రాన్స్‌ఫార్మర్‌కు తర్వాత రావాలి, బల్బు వైపు. ముందు పెడితే నిమిషానికి 30 సార్లు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసి ఆర్పుతున్నట్టే.

ముత్తుకూరు_మెయింటెనెన్స్ | ఆదివారం, ఉదయం 9:30

ట్రయాక్ వైపు వెళ్లేవాళ్లకు నా అనుభవం రెండు ముక్కల్లో. పిడుగు నేరుగా పడక్కర్లేదు, పక్క పొలంలో పడినా కేబుల్ మీదుగా వచ్చే సర్జ్‌కు, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజికి, ట్రయాక్ పోతుంది. మోటారూ గొట్టమూ దాన్ని లెక్కచేయవు. కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్, మంచి ఎర్తింగ్ లేకుండా ట్రయాక్ పెట్టొద్దు. ఇక వేడి. నాలుగున్నర ఆంపియర్లకు ట్రయాక్‌లో ఐదు వాట్లు వేడిగా పోతుంది. తుప్పు పట్టకూడదని మూసిన పెట్టెలో పెడతాం, హీట్‌సింక్ బయటికి తెరుచుకోకపోతే రోహిణి కార్తెలో ఉడికిపోతుంది.

ఇంకోటి, రేపు ఎల్‌ఈడీ పెట్టాక పాత ట్రయాక్ ఫ్లాషరును అలాగే వాడదామనుకోకండి. వోల్టేజి కుదుపులను ఆపడానికి ట్రయాక్‌కు అడ్డంగా పెట్టే స్నబ్బర్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే ఆరినప్పుడు కూడా ఏడు మిల్లీఆంపియర్లు కారుతుంది. 500 వాట్ల బల్బుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఎల్‌ఈడీ మాత్రం ఆరకుండా మసక మసకగా వెలుగుతూ ఉంటుంది.

కొత్తపట్నం_పడవ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేను ఎలక్ట్రానిక్స్ చదవలేదు. మాది వేట కుటుంబం. ఈ చర్చ మా మేనల్లుడు చూపించాడు, రాయాలనిపించింది.

ఆ దీపాలు విమానాల కోసం పెట్టారని మాకు తెలుసు. కానీ రాత్రి సముద్రంలో ఉన్నప్పుడు మాకు దారి చూపడంలో రామాయపట్నం లైట్‌హౌస్, ఇసకపల్లి లైట్‌హౌస్ ఎంతో, ఒడ్డున మిణికే టవర్ దీపాలూ అంతే. ఇప్పుడు అందరి దగ్గరా జీపీఎస్ ఉంది, ఫోన్ ఉంది. ఛార్జింగ్ అయిపోయిన రాత్రి కూడా ఉంటుంది. ఆరకుండా నిలబడి వెలిగే దీపమైతే ఏ ఇంటిదో, ఏ రొయ్యల చెరువుదో తెలియదు. మిణికే ఎర్రదీపం అంటే అదే టవర్. అది లేని రాత్రి ఒడ్డు ఎటు తిరిగిందో అర్థం కాదు. మీ బావమరిది ముందు గమనించాడంటే అందుకే.

కావలి_వైర్‌మ్యాన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

మామా, ఈ మాట మా వాచ్‌మన్‌కు చదివి వినిపిస్తాను.

పాతరేడియో_ఒంగోలు | ఆదివారం, మధ్యాహ్నం 3:00

కొత్తపట్నం వారు లైట్‌హౌస్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. కరెంటు లేని చోట ఎసిటిలీన్ గ్యాసు దీపాన్ని మిణికించే యంత్రాలు ఉండేవి. గ్యాసు ఒత్తిడికే కవాటం తెరుచుకుని మూసుకుంటూ, నెలల తరబడి మనిషి లేకుండా నడిచేవి. సూర్యుడు ఉదయిస్తే తనంతట తానే గ్యాసు ఆపేసే కవాటం కూడా కనిపెట్టారు. ఆ పనికి స్వీడన్ దేశపు గుస్టాఫ్ డాలెన్‌కు 1912లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. దీపాన్ని సరైన సమయానికి వెలిగించి ఆర్పడం అనేది అంత పెద్ద పని.

పవర్‌ల్యాబ్_ఒంగోలు | ఆదివారం, సాయంత్రం 5:20

ఇప్పుడు కావలి గారి అసలు భయానికి వద్దాం. మోటారు ఎక్కడ ఆగితే దీపం అక్కడే ఆగుతుంది, వెలుగు దగ్గర ఆగొచ్చు, చీకటి దగ్గర ఆగొచ్చు. ట్రయాక్ ఎక్కువసార్లు షార్ట్ అయి పోతుంది, అంటే దీపం వెలుగుతూ ఉండిపోతుంది. అది కొంత నయం. కానీ ట్రయాక్‌ను నడిపే టైమరు గానీ దాని చిన్న సప్లై గానీ పోతే మళ్లీ చీకటే. ఏ ఫ్లాషరు పెట్టినా ఈ భయం తీరదు. కాబట్టి ఫ్లాషరు మీద కాపలా పెట్టండి.

ఫ్లాషరుకు అడ్డంగా ఒక రిలే కాంటాక్టు పెట్టండి. దీపం కరెంటును చిన్న సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్)తో చూస్తూ, మిణుకు వస్తున్నంతసేపే ఆ రిలేను పట్టి ఉంచాలి. పది సెకన్లు మిణుకు రాకపోతే రిలే వదిలేస్తుంది, కాంటాక్టు మూసుకుని దీపానికి నేరుగా కరెంటు వెళుతుంది. మిణకకపోయినా వెలుగుతుంది.

పొదిలి_డిప్లొమా | ఆదివారం, సాయంత్రం 6:45

మేడమ్, తప్పయితే మన్నించండి. సాయంత్రం కరెంటు ఇవ్వగానే రిలే వదిలేసే ఉంటుంది కదా. అంటే దీపం నేరుగా వెలుగుతూ ఉంటుంది. అప్పుడు సీటీలో మిణుకు ఎలా వస్తుంది? మిణుకు రాకపోతే రిలే ఎప్పటికీ పట్టుకోదు కదా?

పవర్‌ల్యాబ్_ఒంగోలు | ఆదివారం, రాత్రి 7:10

తప్పు కాదు, నూటికి నూరుపాళ్లు నిజం. నేను గీసిన పద్ధతిలో అది రోజూ సాయంత్రం ఇరుక్కుపోతుంది. సరిదిద్దుతున్నాను.

ఛేంజోవర్ కాంటాక్టులు రెండు జతలున్న రిలే తీసుకోండి. మధ్య కాలు దీపానికి. రిలే వదిలినప్పుడు తగిలే కాలు నేరుగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌కు. రిలే పట్టినప్పుడు తగిలే కాలు ఫ్లాషరు అవుట్‌పుట్‌కు. ఫ్లాషరు అవుట్‌పుట్ మీద ఎప్పుడూ ఒక జీరో బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండాలి, షెడ్డులోనే. ఆ జీరో బల్బు వోల్టేజిని ఒక ఆప్టోకప్లర్‌తో చూడండి. దాన్ని ముందు చిన్న కెపాసిటర్‌తో చదును చేసి, తర్వాత ఇంకో కెపాసిటర్ గుండా పంపండి. మార్పు మాత్రమే దాటుతుంది. వెలుగుతూ నిలిచిపోయినా దాటదు, ఆరిపోయి నిలిచిపోయినా దాటదు. ఆ మార్పులతో నిండే కెపాసిటరే రిలేను పట్టుకుని ఉంచుతుంది.

సాయంత్రం కరెంటు రాగానే ముందు కొన్ని సెకన్లు పైదీపం నిలకడగా వెలుగుతుంది, జీరో బల్బు మిణుకు చూసి రిలే పట్టుకుంటుంది, పైదీపమూ మిణకడం మొదలుపెడుతుంది. ఈ రిలే రాత్రికి రెండు సార్లే కదులుతుంది కాబట్టి ఆయుష్షు గురించి బెంగ అక్కర్లేదు. కాంటాక్టులు మాత్రం 16 ఆంపియర్లవి తీసుకోండి. మిగిలిన ఇంకో జత కాంటాక్టుకు వాచ్‌మన్ గదిలో బజరు కట్టండి. ట్రయాక్ ఫ్లాషరుకైనా, మోటారు ఫ్లాషరుకైనా ఇదే కాపలా పనిచేస్తుంది. స్నబ్బర్ నుంచి కారే కరెంటు కూడా జీరో బల్బు మీద లెక్కలోకి రాదు.

పొదిలి తమ్ముడూ, సెలవుల్లో ఒంగోలు వస్తే ల్యాబ్‌కు రా.

పొదిలి_డిప్లొమా | ఆదివారం, రాత్రి 7:18

తప్పకుండా వస్తాను మేడమ్.

నెల్లూరు_హామ్ | ఆదివారం, రాత్రి 9:00

ఆ ఆప్టోకప్లర్ ఇన్‌పుట్ దగ్గర కూడా ఫెరైట్ మరవద్దు. రేడియో తరంగం దాన్ని మోసం చేస్తే కాపలావాడే నిద్రపోయినట్టు.

కావలి_వైర్‌మ్యాన్ | తర్వాతి శనివారం, రాత్రి 10:40

పని అయింది. మోటారు, గేర్లు కిరసనాయిలుతో కడిగాను. బేరింగులోంచి కొబ్బరినూనె ముద్దగా, తెల్లగా వచ్చింది. మిషన్ ఆయిల్ రెండు చుక్కలు. గొట్టాలు రెండూ చెక్కుచెదరలేదు, తుడిచి మళ్లీ అదే స్థానంలో బిగించాను. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను, రాత్రి ఒంటిగంటకు 226. కాపలా బోర్డు మేడమ్ చెప్పినట్టే. మొదటిసారి బజరు ఆగకుండా మోగింది, ఆప్టో కాళ్లు తిరగేసి అతికించాను, మార్చాక సరిపోయింది.

ట్రయాక్ ఫ్లాషరు కూడా ఒకటి కొని పక్కన సిద్ధంగా పెట్టాను, ఫెరైటు, సర్జ్ ప్రొటెక్టరు అన్నీ కలిపి. గొట్టం పోయిన రోజు నాలుగు తీగలు మారిస్తే చాలు.

ఈ సాయంత్రం పరీక్ష చేశాం. దీపం మిణుకుతుండగా మోటారు తీగ పీకేశాను. ఆరిపోయి ఉన్నప్పుడే పీకాను కావాలని. తొమ్మిది సెకన్లు చీకటి, తర్వాత పైదీపం నిలకడగా వెలిగింది, వాచ్‌మన్ గదిలో బజరు మోగింది. ఆయన పరుగెత్తుకుంటూ బయటికి వచ్చి పైకి చూశాడు. మళ్లీ తీగ కలిపితే ఆరేడు సెకన్లలో మిణుకు మొదలైంది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ పనిచేసింది.

టవరెక్కే_తమ్ముడు | శనివారం, రాత్రి 10:55

పైబల్బులు మార్చే రోజు చెప్పన్నా, నేను వస్తాను. గాజుమూత బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వేసి గ్రీజు పెడదాం.

కావలి_వైర్‌మ్యాన్ | శనివారం, రాత్రి 11:02

మంగళవారం పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే. బల్బులు రెండూ మారుద్దాం, ఒకటి పోయాక ఒకటి అని రెండుసార్లు ఎక్కొద్దు.

కొత్తపట్నం_పడవ | ఆదివారం, ఉదయం 5:30

నిన్న రాత్రి దక్షిణంగా వెళ్లాం. కావలి వైపు మీ దీపం కనపడింది. రెండు సెకన్లకొకటి, లెక్కపెట్టాను.